సింహాచలం బాబాయి మోటారు, నా ప్లగ్గు కారు

టీ చల్లారితే చల్లారనివ్వండి. ముందు నేను చెప్పేది వినండి. వినేటప్పుడు ఎవరూ నవ్వకండి, ఇది నవ్వే విషయం కాదు. మొన్న ఆదివారం, పోయిన ఒక పెద్దాయన పెద్దకార్యం నాడు, ఊళ్ళోంచి దిగిన చుట్టాలందరూ ఉండగా, మా అపార్ట్‌మెంటు మొత్తానికి చుక్క నీళ్ళు లేకుండా చేసిన ఘనుణ్ణి నేను. అదీ ఒక కారు కోసం. ఇంకా కొనని కారు కోసం!

పాత డీజిల్ బండి అమ్మేశాను, మీకు తెలుసు. ఈసారి కొనేది హైబ్రిడ్ ఎస్‌యూవీ అని గట్టిగా అనుకున్నాను. మాది గాజువాక, ఆఫీసు పోర్టు దగ్గర. రోజూ ట్రైలర్ లారీల వెనక పాకడమే కదా నా బతుకు. పాకే బండికి హైబ్రిడ్‌ని మించింది లేదని యూట్యూబులో అందరూ చెప్పారు. అంతవరకూ బాగానే ఉంది. తీరా షోరూముకి వెళ్తే హైబ్రిడ్లు రెండు రకాలన్నారు. అక్కడ మొదలైంది నా పీడ.

మామూలు హైబ్రిడ్ అయితే పెట్రోలు పోసి వదిలేయడమే. బ్రేకు వేసినప్పుడల్లా తన చిన్న బ్యాటరీని తనే నింపుకుంటుంది. ప్లగ్-ఇన్ అలా కాదు. దానికి పెద్ద బ్యాటరీ. సాయంత్రం గోడకి ప్లగ్గు పెట్టేస్తే తెల్లారి పోర్టుకి వెళ్ళి రావడానికి పెట్రోలుతో పనే లేదు. దూరం వెళ్తే ఇంజిన్ ఎలాగూ ఉంది. కానీ ప్లగ్గు పెట్టడం మానేస్తే మాత్రం ఆ పెద్ద బ్యాటరీని వెనకాల మూటలా మోసుకు తిరగాల్సిందే. డిక్కీలో చోటు కూడా తక్కువ.

మా ఆవిడ రమణి ఒక్కటే మాట చెప్పింది. "ఏదైనా కొనండి. కానీ అది కొన్నాక ఇంకోటి బాగుందని నా దగ్గర ఏడవకండి." ఇరవై ఏళ్ళ కాపురం మరి, నా సంగతి తెలుసు.

సబ్బవరంలో ఉండే మా అప్పలరాజు బావని అడిగాను. మా అక్క మొగుడు. కార్ల గురించి ఏమీ తెలియకపోయినా అన్నీ చెప్తాడు.

"నీకు ప్లగ్గు కారేటి బావా? నీ ఫోనుకే సార్జింగెట్టడం గుర్తుండదు. మొన్న నాను ఫోన్ సేత్తే సిచ్చాఫు. ఇంక కారుకెడతావా? పెట్రోలు పోసీ బండి కొనుక్కో, ఎల్లిపో."

"పెడతాను బావా. నాను అన్నీ లెక్కలేసుకున్నాను."

"నువ్వు లెక్కలేసుకున్నావంటేనే నాకు బయం."

మామూలు హైబ్రిడ్‌ని ముందే యారాడ కొండ ఎక్కించి చూశాను. చక్కగా ఎక్కింది, చక్కగా దిగింది. నిజానికి అక్కడితో ఆగిపోవాలి. మనం ఆగుతామా! షోరూము మేనేజరు తెలిసినవాడు. "సార్, ప్లగ్-ఇన్ సంగతి నడిపితే తెలీదు. ఒక రాత్రి ఇంట్లో పెట్టుకుని ఛార్జి చేసి చూడండి. ఆదివారం సాయంత్రానికి తెచ్చివ్వండి" అన్నాడు. శనివారం సాయంత్రం డెమో కారు వేసుకుని ఇంటికొచ్చాను. తెల్ల లెదర్ సీట్లు. లోపల కూర్చుంటే ఫైవ్ స్టార్ హోటల్లో ఉన్నట్టుంది. సెల్లార్లోకి వస్తే చప్పుడే లేదు, పిల్లి కూడా పక్కకి తప్పుకోలేదు.

ఇప్పుడు సింహాచలం బాబాయి గురించి చెప్పాలి. పెద్దకార్యం ఆయనదే.

బాబాయి పోర్టులో క్రేన్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. నాకు చుట్టం కాదు, మూడో అంతస్తులో ఉండేవాడు. కానీ మా అపార్ట్‌మెంటులో ఆయన్ని బాబాయి అనని వాళ్ళు లేరు. రోజూ తెల్లవారుజామునే గళ్ళ లుంగీతో, టీ గ్లాసుతో సెల్లార్లోకి దిగి, సంపులో నీళ్ళు పైట్యాంకుకి ఎక్కించే మోటారు వేసేవాడు. ఎవరూ ఆయనకి ఆ పని చెప్పలేదు, ఆయనే పెట్టుకున్నాడు. ట్యాంకు నిండి వెనక గోడ పక్కన పైపులోంచి నీళ్ళు పడేదాకా అక్కడే నిలబడేవాడు. పడగానే మోటారు కట్టేసి పైకి చూసి ఒక్క కేక పెట్టేవాడు. "నీల్లు నిండినాయీ!" ఆ కేకకే మాలో సగం మంది నిద్ర లేచేవాళ్ళం. ఆదివారాలు తిట్టుకునేవాళ్ళం కూడా.

ఆయన పోయాక తెలిసింది, మోటారు వేయడం మాలో ఎవరికీ గుర్తుండదని. ఒకరోజు ఉదయం నీళ్ళు లేవు, ఇంకోరోజు ట్యాంకు పొంగి మెట్ల మీదికి వచ్చింది. అందుకే శనివారం పైడమ్మ పిన్ని, అంటే బాబాయి భార్య, నన్ను పిలిచింది. కళ్ళు వాచిపోయి ఉన్నాయి పాపం.

"సత్తిబాబూ, రేపు ఊర్నుంచి జనం ఒస్తారు. తానాలు సెయ్యాల, వంటలవ్వాల. మోటారు నువ్వెయ్యి బాబూ. ఈలెవులూ గుర్తెట్టుకోటం నేదు. నువ్వయితే సదువుకున్నోడివి, మర్సిపోవు."

"నాదీ పూచీ పిన్నీ. మీరు మనసులో ఏటీ ఎట్టుకోకండి" అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను.

మా రమణికి ఆపరేషన్ అయినప్పుడు నెల్లాళ్ళు మా ఇంటికి క్యారేజీ పంపిన మనిషి ఆవిడ. ఆవిడ నోరు తెరిచి నన్ను అడిగింది అదొక్కటే. అది గుర్తుపెట్టుకుని ఇక మిగతాది వినండి.

సాయంత్రం కారుకి ఛార్జింగు పెడదామని సెల్లార్లోకి దిగాను. అక్కడ పెద్ద ప్లగ్గు పట్టే సాకెట్టు ఒక్కటే ఉంది, స్తంభానికున్న బోర్డు మీద. దాని ముందు షామియానా వాళ్ళు గుడ్డలూ, కర్రలూ, కుర్చీలూ గుట్ట పోశారు. వైర్లు ఎటు పోతున్నాయో తెలియడం లేదు. సాకెట్టులో ఒక నల్ల ప్లగ్గు ఉంది. షామియానా వాళ్ళ ట్యూబులైట్లదనుకున్నాను. పగలు కార్యానికి లైట్లెందుకులే అని దాన్ని పీకి స్టార్టర్ డబ్బా మీద పెట్టి, నా కారు ప్లగ్గు పెట్టేశాను. కారు ముందు పచ్చలైటు వెలిగింది. నా మొహం కూడా వెలిగింది. బావకి చూపించాలనిపించింది. బావదీ బాబాయిదీ ఒకే ఊరు, కార్యానికని ఆ సాయంత్రమే మా ఇంట్లో దిగాడు. పిలిచి చూపించాను.

"సూడు బావా, ఎంత సులువో."

బావ చుట్టూ తిరిగి చూసి, "గేదెకి పలుపు కట్టినట్టున్నాది" అనేసి భోజనానికి వెళ్ళిపోయాడు.

తెల్లారకముందే లేచాను. అలారం కూడా అక్కర్లేకపోయింది. బాబాయి మీద గౌరవంతో లుంగీ కట్టుకుని, టీ గ్లాసు పట్టుకుని దిగాను. నేనెప్పుడూ ఆ మోటారు వేసిన పాపాన పోలేదు, కానీ అదేమంత విద్య! షామియానా గుడ్డలు తప్పించి స్టార్టర్ మీద పచ్చ బటన్ నొక్కాను. టక్‌మంది. ఎర్రబల్బు వెలగలేదు. ఎప్పుడో మాడిపోయి ఉంటుందిలే అనుకున్నాను. చెవి పెట్టి విన్నాను. గుయ్‌మని సన్నగా శబ్దం వస్తోంది. సంపులో మునిగి ఉన్న మోటారు కదా, అలాగే వస్తుంది మరి! తృప్తిగా టీ తాగుతూ నిలబడ్డాను.

గంటసేపు నిలబడ్డాను. బాబాయి ఇన్నేళ్ళు మాకోసం ఇలా ఒక్కడే నిలబడ్డాడు కదా అనుకున్నాను. ఒకరోజు కూడా కిందికి దిగి "బాబాయ్, ఈవేళ నేనుంటాను, నువ్వెళ్ళి పడుకో" అనలేదు నేను. ఆ గుయ్‌మనే శబ్దానికి ఒకసారి దణ్ణం కూడా పెట్టాను.

కాసేపటికి ఆ శబ్దం దానంతటదే ఆగిపోయింది. ఆహా, ట్యాంకు నిండితే ఆగేలా ఏదో ఆటోమేటిక్ పెట్టించినట్టున్నాడు బాబాయి అనుకున్నాను. వెనక గోడ దగ్గర పైపులోంచి నీళ్ళు పడ్డాయా లేదా అని చూడాలన్న ఆలోచనే రాలేదు. మనం టెక్నాలజీని నమ్మే మనుషులం కదా! సెల్లార్ బయటికొచ్చి, పైకి చూసి, ఛాతీ నిండా గాలి పీల్చి కేక పెట్టాను.

"నీల్లు నిండినాయీ!"

మూడో అంతస్తు బాల్కనీలోకి పైడమ్మ పిన్ని వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలా కిందికి చూస్తూ నిలబడిపోయింది. తర్వాత మెట్ల దగ్గర కనబడి, "అచ్చం మీ బాబాయి పిలిసినట్టే ఉన్నాది బాబూ" అంది. నాకు కళ్ళు తిరిగినంత గర్వం వేసింది. సరిగ్గా అప్పుడే నేల మీద పడాల్సింది నేను. పడలేదు. దానికింకా టైముంది.

ఊళ్ళోంచి వ్యాను దిగింది. పూర్ణా మార్కెట్ నుంచి కూరగాయల బస్తాలు దిగాయి. సెల్లార్ పక్కన వంటవాళ్ళు పెద్ద పొయ్యిలు వెలిగించారు, అదీ సరిగ్గా సంపు మూత మీద. కార్యం చేయించే అయ్యగారు వచ్చి కూర్చున్నారు. పిన్ని కొడుకు శ్రీను స్నానం చేసి తడిబట్టలతో వచ్చి పీట మీద కూర్చోవాలి. ట్యాంకు అడుగున ఏదో మిగిలింది ఉన్నట్టుంది, కాసేపు నీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత ముందు మా బాత్రూములోంచి వినబడింది.

"బావో! సబ్బు రాసీసుకున్నాను! నీల్లేవి?"

తర్వాత రెండో అంతస్తు. తర్వాత మూడో అంతస్తు. ఒక్కో ఇంట్లోంచి ఒక్కో గొంతు. వంటవాడు బియ్యం కడగడానికి కుళాయి తిప్పితే అది పిల్లికూతలు కూసింది. శ్రీను పొడి తువ్వాలుతో బయటికొచ్చి అయోమయంగా నిలబడ్డాడు. అందరూ నా వైపు చూస్తున్నారు, ఎందుకంటే పొద్దున్నే అంత కేక పెట్టింది నేనే కదా!

పరుగెత్తుకుంటూ సెల్లార్లోకి దిగాను. పచ్చ బటన్ నొక్కాను. టక్. మళ్ళీ నొక్కాను. టక్. ఈసారి గుయ్‌మనలేదు. అప్పుడు చూశాను. స్టార్టర్ డబ్బా మీద, నేను నిన్న నా చేత్తో పెట్టిన చోటే, నల్ల ప్లగ్గు పడుకుని ఉంది. దాని వైరు చేత్తో పట్టుకుని మెల్లగా వెంట వెళ్ళాను. స్టార్టర్లోకి వెళ్ళింది. స్టార్టర్లోంచి సంపులోకి వెళ్ళింది. మరి నేను గంటసేపు విన్నదేంటి? తల తిప్పి కారు వైపు చూశాను. ఛార్జి అవుతున్నంతసేపూ దాని బానెట్ కింద తిరిగేది చిన్న ఫ్యాను. ఛార్జి నిండగానే ఆగిపోయింది. నేను దణ్ణం పెట్టింది దానికి!

అపార్ట్‌మెంటు ట్యాంకులో చుక్క లేదు. నా కారు మాత్రం నిండుగా ఉంది.

వెనకాలే బావ దిగాడు. నడుముకి తువ్వాలు, తల నిండా సబ్బు నురుగు, ఒక కన్ను మూసుకుని ఉంది. తెరిచిన కంటితో ప్లగ్గు చూశాడు, కారు చూశాడు, నన్ను చూశాడు.

"ఇదేటి బావా? మోటారుది పీకీసి కారుకెట్టీసినావేటి?"

"ఎవులికీ సెప్పకు బావా. నీ కాళ్ళట్టుకుంటాను."

"నా కాళ్ళు జారతన్నాయి, అట్టుకోకు. ముందు నీల్లు సూడు."

ప్లగ్గులు మార్చి పచ్చ బటన్ నొక్కాను. ఈసారి మోటారు నిజంగా మోగింది. దాని గొంతు వేరు, బరువుగా ఉంది. కానీ ఖాళీ ట్యాంకు నిండి, పైపుల్లో గాలి పోయి, కుళాయిల్లోకి నీళ్ళు రావాలంటే బోలెడంత సేపు పడుతుంది. సంపులోంచి చేదుకుందామంటే దాని మూత మీద పప్పు ఉడుకుతోంది. అయ్యగారు గడియారం చూసుకుంటున్నారు. మెయిన్ రోడ్డు మీద వాటర్ టిన్నులు అమ్మే షాపు గుర్తొచ్చింది. కారు తీశాను. బావ అలాగే, ఆ తువ్వాలుతోనే, తెల్ల లెదర్ సీటు మీద కూర్చున్నాడు. బట్టలు మార్చుకోమని చెప్పే ధైర్యం నాకెక్కడిది!

షాపులో ఉన్న టిన్నులన్నీ వేసుకున్నాం. డిక్కీలో చోటు తక్కువని ముందే చెప్పాను కదా, సగం టిన్నులు వెనక సీటు మీద పెట్టాల్సి వచ్చింది. మలుపులో ఒకటి బోర్లాపడి మూత ఊడింది. బావ తల వెనక్కి పెట్టి ఆ పడిన నీళ్ళతో కన్ను కడుక్కున్నాడు.

"బండి మెత్తగా ఎల్తన్నాది బావా" అన్నాడు. దెప్పుతున్నాడో మెచ్చుకుంటున్నాడో నాకర్థం కాలేదు.

గేటు దగ్గర జనం అటు తిరిగి నిలబడ్డారు. కారుకి చప్పుడు లేదు కదా, ఎవరూ వినలేదు. చావింట్లో హారన్ కొట్టకూడదని కాసేపు ఆగాను. ఎవరూ కదలలేదు. ఇక తప్పక కొట్టాను. ఆ హారన్ ఏం హారనో! రేవులో ఓడ బయల్దేరినట్టు మోగింది. అయ్యగారి చేతిలో దర్భలు కింద పడ్డాయి. జనమంతా వెనక్కి తిరిగి చూస్తే ముందు సీట్లో నురుగుతో మా బావ.

సరే, టిన్నులు దింపారు. శ్రీను స్నానం చేశాడు. బియ్యం కడిగారు. కార్యం జరిగింది. ఈలోగా కుళాయిల్లోకి నీళ్ళు కూడా వచ్చేశాయి. ఇక అందరూ నన్ను పొగడటం మొదలుపెట్టారు. "సత్తిబాబుండబట్టి సరిపోయింది." "టయానికి కారేసుకెళ్ళి తెచ్చినాడు." పిన్ని నా తల నిమిరి, "నువ్వు నాకింకో కొడుకువి బాబూ" అంది. బావ పక్కకి తిరిగి దగ్గాడు. నేను నోరు మూసుకున్నాను. మూసుకునే ఉండేవాణ్ణి కూడా, భోజనాల దగ్గర మా అసోసియేషన్ ప్రెసిడెంటు నాయుడుగారు ఆ మాట అనకపోతే.

"పిన్నిగారూ, మోటారు పని అయిపోయింది. పొద్దున్న సత్తిబాబు ఏసినా ఎక్కలేదు, తరవాతెప్పుడో ఎక్కింది. ఇంక దాన్ని నమ్మలేం. రేపే తీయించి పాతసామాన్లకిచ్చీసి, కొత్తది పెట్టించేద్దాం."

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది. "ఆయన పోనాడు. ఆయన్తో పాటు మోటారూ పోనాదన్నమాట" అంది. చిన్న గొంతుతో అంది. "బిడ్డని సూసుకున్నట్టు సూసుకునీవోడు దాన్ని."

నా విస్తట్లో ముద్ద నోటికి రాలేదు. బావ మోచేత్తో పొడిచాడు. లేచి నిలబడ్డాను, ఎంగిలి చేత్తోనే.

"మోటారు బాగానే ఉంది నాయుడుగారూ. నిన్న దాని ప్లగ్గు పీకి నా కారుకి పెట్టింది నేనే. పొద్దున్న గంటసేపు నేను నిలబడింది కారు దగ్గర. మోటారనుకుని దాని ఫ్యాను చప్పుడు విన్నాను. అది ఆగిపోతే ట్యాంకు నిండిందని కేక పెట్టాను."

షామియానా కింద తలలన్నీ నా వైపు తిరిగాయి. రమణి తల వంచుకుని ఆకులో గీతలు గీస్తోంది. నేలలోకి దిగిపోతే బాగుండనిపించింది. పిన్ని నా వైపే చూస్తోంది.

"అయితే ఏటి బాబూ," అంది నెమ్మదిగా, "లుంగీ కట్టుకుని, టీ అట్టుకుని, గంటసేపు కారు కాడ నిలబడ్డావేటి?"

"ఔను పిన్నీ."

"కారు సప్పుడాగితే నీల్లు నిండినాయని అరిసినావేటి?"

"ఔను పిన్నీ."

మొదట ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని రమణి లేచింది. ఏడుపు కాదు, నవ్వు! గరిటె అక్కడ పెట్టేసి, కొంగులో మొహం దాచుకుని, ఊపిరాడనంత నవ్వు. ఆయన పోయాక ఆవిడ నవ్వడం ఎవరూ చూడలేదు. తర్వాత ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. "మీ బాబాయుండుంటేనా, ఊరూరా సెప్పుకు తిరిగీవోడు బాబూ, పోర్టంతా సెప్పుకు తిరిగీవోడు!" అంది. అప్పుడు నాక్కూడా ఆగలేదు.

అక్కడికక్కడే తీర్పు చెప్పేసింది ఆవిడ. "నాయుడుగారూ, మోటారు మార్సొద్దు. రేపట్నుంచి ఆయన పని ఈ బాబుకిచ్చీసినాను. ఇంక జన్మలో మర్సిపోడు." నాయుడుగారు ఒప్పుకున్నారు. నన్నెవరూ అడగలేదు.

డెమో కారు తుడిపించి, సీట్లు ఆరబెట్టి, చిన్నబోయిన మొహంతో తిరిగిచ్చేశాను. మేనేజరు లోపల వాసన చూసి "ఏంటి సార్, షాంపూనా?" అన్నాడు. "మా బావ" అన్నాను. మామూలు హైబ్రిడ్ బుక్ చేశాను. పెట్రోలు పోస్తే చాలు, ప్లగ్గుతో పని లేదు. ఇంకోటి బాగుందని రమణి దగ్గర ఏడవలేదు, ఏడవను కూడా.

కాకపోతే ప్లగ్గు అక్కర్లేని బండి బుక్ చేసిన నేను రోజూ తెల్లారకముందే లుంగీ కట్టుకుని ఆ ప్లగ్గు దగ్గరే నిలబడుతున్నాను. చెవుల్ని నమ్మడం మానేశాను. వెనక గోడ దగ్గరికెళ్ళి పైపు కింద చెయ్యి పెట్టుకుని కాచుకుంటాను. నీళ్ళు పడ్డాక మోటారు కట్టేసి కేక పెడతాను. వెంటనే మూడో అంతస్తులోంచి పిన్ని గొంతు వస్తుంది.

"మోటారేనా బాబూ, కారేటి?"

నేను తడిసిన చెయ్యి పైకెత్తి చూపిస్తాను.